కాలువ, వరి, ఫినాయిల్: సూర్యాపేట ప్రాంతపు నర్సింగ్ హోముల శుభ్రతా చరిత్ర

నర్సింగ్ హోమ్ అనే మాటకు తెలుగు పట్టణాల్లో స్థిరపడిన అర్థం వేరు, ఆ మాట పుట్టిన దేశంలో నేడు వాడుకలో ఉన్న అర్థం వేరు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇప్పుడు ఆ పేరుతో పిలిచేది వృద్ధులను, దీర్ఘకాలం సేవ అవసరమైనవారిని చూసుకొనే నివాసాన్ని కాగా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో ఆ బోర్డు కనిపించేది ఒక డాక్టరో, డాక్టర్ దంపతులో నడిపే కొద్దిపాటి పడకల ప్రైవేటు ఆసుపత్రి ముందర. కాన్పులు, అపెండిక్స్ ఆపరేషన్లు, విషజ్వరాలు, పురుగుమందు తాగినవారిని బతికించే ప్రయత్నాలు, రహదారి ప్రమాదాల్లో విరిగిన ఎముకలు అన్నీ ఆ నాలుగు గదుల్లోనే జరిగేవి. చాలాచోట్ల కింది అంతస్తు ఆసుపత్రి, పై అంతస్తు డాక్టరుగారి కాపురం. ఇల్లూ ఆసుపత్రీ ఒకే కప్పు కింద ఉండటం వల్ల ఇంటి శుభ్రతకు, ఆసుపత్రి శుభ్రతకు మధ్య ఉండవలసిన తేడా చాలాకాలం ఎవరికీ స్పష్టంగా కనబడలేదు.

ఇటువంటి ఆసుపత్రుల శుభ్రతను గురించి ఆలోచించేవారు సాధారణంగా నేల తుడవడం, దుప్పట్లు ఉతకడం, మందు కొట్టడం వంటి లోపలి పనులనే లెక్కలోకి తీసుకొంటారు. అయితే గోడల వెలుపల ఉన్న వరిమడి, రైసుమిల్లు, మురికికాలువ, రహదారి ఏ పురుగు ఎప్పుడు లోపలికి వస్తుందో నిర్ణయించినంతగా లోపలి పనులేవీ నిర్ణయించలేదని ఈ ప్రాంతపు గత అరవై డెబ్బై ఏళ్ల అనుభవం చెబుతుంది. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నడుమ, రైసుమిల్లుల మధ్య పెరిగింది. ఎలుకకు తిండి, దోమకు నీరు, నల్లికి ప్రయాణికుల మూటాముల్లె ఈ మూడు ఊళ్లలో ఏనాడూ కొరవడలేదు.

ఆసుపత్రులు రాకముందు శుభ్రత అనేది ప్రధానంగా ఇంటి ఆడవాళ్ల చేతిపని. తెల్లవారుజామున వాకిట్లో పేడనీళ్ల అలుకు చల్లడం, పండుగలకు మట్టిగోడలు పూసి సున్నం వేయడం, పురుడు జరిగిన గదికి వేపమండలు కట్టి, కుంపటిలో సాంబ్రాణి, వెల్లుల్లి పొట్టు వేసి పొగ పెట్టడం, బాలింత ఉన్న గదిలోకి ఎవరిని పడితే వారిని రానివ్వకపోవడం ఆ పద్ధతిలోని ముఖ్యాంశాలు. వీటిలో కొన్నింటికి గట్టి ఆధారమే ఉంది: పొగ దోమలను, ఈగలను దూరం పెట్టేది, రాకపోకల కట్టడి పసిబిడ్డకు అంటురోగాలు సోకకుండా కాపాడేది. కొన్ని మాత్రం ప్రాణాంతకాలు. పేడ తగిలిన నేల మీద, కడగని కొడవలితో బొడ్డు కోసినప్పుడు ధనుర్వాతపు క్రిమి బిడ్డ శరీరంలోకి ప్రవేశించేది, పుట్టిన వారం రోజుల్లో దవడలు బిగుసుకుపోయి ఆ బిడ్డ చనిపోయేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో దేశంలోని రాష్ట్రాలన్నిటికంటె ముందుగా ప్రసవ ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు ధ్రువీకరణ పొందిందంటే, ఆ విజయంలో టీకాలతో పాటు కాన్పును అలికిన నేల మీది నుంచి కడిగిన బల్ల మీదికి మార్చిన చిన్న ఊళ్ల ఆసుపత్రులకూ భాగం ఉంది. నర్సింగ్ హోముల లోపాలను ఎంచేవారు ఈ మేలును మరచిపోవడం న్యాయం కాదు.

ప్రభుత్వం ఎలుకను, దోమను తన శత్రువులుగా గుర్తించడం పందొమ్మిదో శతాబ్ది చివర జరిగింది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు శివారు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ మరుసటి ఏడు పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో ప్లేగును ఎలుక మీది గోమారే మనిషికి చేరుస్తుందని ప్రయోగం చేసి నిరూపించాడు. హైదరాబాదు సంస్థానంలో 1908 నాటి మూసీ వరద, 1911 నాటి ప్లేగు రాజధానిని కుదిపేసిన తర్వాత 1912లో నగరాభివృద్ధి సంఘం ఏర్పడి ఇరుకు బస్తీలను తొలగించే పని మొదలుపెట్టింది గాని, తాలూకా పట్టణాలకు ఆ శ్రద్ధ అంతగా చేరలేదు. పల్లెల్లో ఇంటి దూలాల మీది నుంచి ఎలుకలు రాలిపడటం మొదలైతే జనం ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకొని ఉండేవారు. తెలంగాణలో గత్తర అని పిలిచే కలరా వస్తే బావుల్లో బ్లీచింగ్ పౌడరు వేసేవారు. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో 1847లో సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత చేతులు కడిగించి బాలింతల చావులు తగ్గించింది ఈ కోవకు చెందిన క్లోరిన్ సున్నంతోనే అయినా, ఇక్కడ మాత్రం ఆ పొడి చాలాకాలం బావులకు, మురుగుకే పరిమితమై, చేతుల దాకా రావడానికి మరో వందేళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం తర్వాత ఊరూరా అందరికీ తెలిసిన మొదటి పురుగుమందు డీడీటీ. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైన తర్వాత ఖాకీ చొక్కాల సిబ్బంది పంపులతో ఇల్లిల్లూ తిరిగి చదరపు మీటరు గోడకు ఒక గ్రాము చొప్పున ఆ మందును కొట్టి, కొట్టిన తేదీని తలుపు పక్కన రాసిపోయేవారు. దోమ రక్తం తాగిన తర్వాత విశ్రాంతికి గోడ మీద వాలుతుంది గనుక, మందు అంటిన గోడే దాన్ని చంపాలన్నది ఆ పద్ధతిలోని కిటుకు. అయితే సిబ్బంది వెళ్లిన కొద్దిరోజులకే దసరాకో, సంక్రాంతికో ఇల్లాలు గోడ పూసి సున్నం వేస్తే ఆ మందంతా పూత కిందికి పోయేది. ఒక శుభ్రత మరొక శుభ్రతను ఈ విధంగా రద్దుచేసిన సంగతిని ఆనాటి మలేరియా అధికారులు పదే పదే ఎదుర్కొన్నారు. దీనికి తోడు నల్లులు డీడీటీకి త్వరగా అలవాటుపడిపోయాయి. మందు తగిలి అవి చావకపోగా నులక సందుల్లోంచి బయటికి వచ్చి మరింత తిరగడంతో, మందు కొట్టినందువల్లే నల్లులు పెరిగాయని నమ్మి జనం సిబ్బందిని గడప దాటనివ్వని సందర్భాలు దేశమంతటా కనిపించాయి. 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు లక్షకు పడిపోగా, 1976 నాటికి అవి తిరిగి 64 లక్షలు దాటడానికి దోమల్లో పెరిగిన తట్టుకొనే శక్తి, సడలిన నిఘా రెండూ కారణాలయ్యాయి.

సరిగ్గా మలేరియా పతనానికీ పునరుత్థానానికీ నడుమ, 1967 ఆగస్టులో, నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరుపెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్ట చేలను వరిమళ్లుగా మార్చింది. ఆ నీటితో వచ్చిన సంపదే ఈ పట్టణాల్లో మిల్లులను, కమీషన్ దుకాణాలను, సినిమా హాళ్లను, వాటితోపాటే నర్సింగ్ హోములను నిలబెట్టింది. పల్లెలో మలేరియా దోమగా పేరుపడ్డ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ మురుగులో కాదు, కాలువ గట్ల పక్కన ఊటనీరు నిలిచే గుంటల్లో, నెమ్మదిగా పారే తేటనీటిలో గుడ్లు పెడుతుంది. కాబట్టి రైతుకు ధాన్యం ఇచ్చిన నీరే అతనికి చలిజ్వరాన్నీ ఇచ్చింది; ధాన్యం అమ్మిన డబ్బు ఆ జ్వరానికి వైద్యం చేసిన డాక్టరుకు ఫీజుగా చేరింది. ఈ ప్రాంతపు వైద్య చరిత్రను రాసేవారు కాలువల పటాన్ని పక్కన పెట్టుకోకుండా ఒక్క పేజీ అయినా రాయలేరు.

తొలి తరం నర్సింగ్ హోముల్లో చాలా భాగం ఆసుపత్రుల కోసం కట్టినవి కావు. అద్దెకు తీసుకొన్న నివాసాలు. వసారా ఓపీ అయ్యేది, పడకగది వార్డు అయ్యేది, పాత వంటగదిలో గ్యాసు పొయ్యి మీద నీళ్లగిన్నె పెట్టి సూదులు, కత్తెరలు ఉడికించేవారు. వెనక సందులో తెరిచి ఉన్న మురికికాలువ, దానివైపే తెరుచుకొనే వార్డు కిటికీ, మంచం కింద బంధువుల సద్దిగిన్నెలు, మూటలు సాధారణ దృశ్యం. ఒక్క రోగికి నలుగురైదుగురు తోడు రావడం, వారు అక్కడే తిని అక్కడే పడుకోవడం ఇక్కడి కుటుంబ ధర్మంలో భాగం. నర్సుల సంఖ్య చాలని చోట రోగికి మందు తాగించేదీ, గుడ్డ మార్చేదీ ఆ బంధువులే గనుక వారిని తప్పుపట్టడం తేలిక కాదు. అయితే మంచం కింద రాలిన మెతుకే బొద్దింకకు, చీమకు, ఎలుకకు ఆహ్వానమయింది.

వీటికి ఆనాటి జవాబు వాసన. ఫినాయిల్ అంటే బొగ్గుతారు నుంచి తీసిన నల్లటి ద్రవం. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడి ఘాటుగా వాసన వేస్తుంది. ఆ వాసన ఉంటే ఆసుపత్రి శుభ్రంగా ఉన్నట్లు, లేకపోతే గలీజుగా ఉన్నట్లు రోగులు, వారి బంధువులు, చాలావరకు యాజమాన్యాలు కూడా భావించాయి. ఒకే బకెట్టులో ఒకే గుడ్డ ముంచి, పుండ్లు కట్టే గది నుంచి కాన్పు గది దాకా అదే నీళ్లతో తుడుస్తూ పోతే, ఫినాయిల్ ఎంత కలిపినా ఒక గదిలోని క్రిమి మరో గదికి చేరుతుందన్న ఆలోచన ఆ తర్వాత చాలాకాలానికి గాని రాలేదు. బ్లీచింగ్ పౌడరు విషయంలోనూ అంతే. తాజాగా ఉన్నప్పుడు దానిలో దాదాపు మూడోవంతు బరువు పనిచేసే క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన సంచిని మెట్ల కింద పెడితే గాలికి, తేమకు అది కొద్దివారాల్లో సుద్దపొడిగా మిగులుతుంది. మురికికాలువ గట్టున తెల్లటి గీతగా చల్లిన పొడి చాలా సందర్భాల్లో కంటికి మాత్రమే శుభ్రత.

పురుగుల మీద వాడిన మందులు మాత్రం నేరుగా వ్యవసాయపు అంగడి నుంచి వచ్చాయి. చీమలకు, బొద్దింకలకు గోడ వెంట గమాక్సిన్ పొడి చల్లేవారు, నల్లులకు టిక్-20 పోసేవారు, దోమలకు, ఈగలకు ఫ్లిట్ పంపు కొట్టేవారు. గమాక్సిన్ అని జనం పిలిచిన బీహెచ్‌సీ పొడి పత్తిచేను మీదా, ఆసుపత్రి గడప మీదా ఒకటే. దాన్ని దేశంలో 1997లో నిషేధించేదాకా పసిబిడ్డల ఉయ్యాల కింద కూడా చల్లే అలవాటు ఎవరికీ తప్పుగా తోచలేదు. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయిన తర్వాత దేశంలో పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. దాని ప్రకారం డబ్బు తీసుకొని ఇతరుల ఆవరణల్లో పురుగులను నిర్మూలించేవారికి లైసెన్సు ఉండాలి. చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో ఆ పని లైసెన్సు ఉన్నవాడి చేతికి పోకుండా వార్డుబాయి చేతిలోనే ఉండిపోయింది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేకుండా అతడు చల్లిన మందు ఏదో, మోతాదు ఎంతో ఎక్కడా రాసిపెట్టలేదు. అదే అంగడిలో కొన్న మందును తాగి అదే ఆసుపత్రికి వచ్చిన రైతుకు గంటగంటకూ అట్రోపిన్ ఎక్కిస్తూ కూర్చొన్న డాక్టర్లకు ఆ మందుల విషం ఎంతటిదో అందరికంటె బాగా తెలుసు గనుక, ఈ ఏమరుపాటు మరింత బాధ కలిగిస్తుంది.

ఆపరేషన్ గది విషయంలో మాత్రం మొదటి నుంచీ భయభక్తులు ఉండేవి. వారానికో, పెద్ద ఆపరేషన్ తర్వాతో ఆ గదిని ఫ్యూమిగేషన్ చేసేవారు. అంటే క్రిములను చంపే ఆవిరితో గదిని నింపి మూసి ఉంచేవారు. కిటికీ రెక్కల సందులకు, తలుపు అంచులకు, ఏసీ పెట్టిన కంతకు కాగితం, ప్లాస్టరు అంటించి, గది మధ్య నేల మీద వెడల్పాటి పాత్రలో ఊదారంగు పర్మాంగనేట్ పలుకులు వేసి, వాటి మీద ఫార్మాలిన్ పోసి, పోసినవాడు వెంటనే ఊపిరి బిగబట్టి బయటికి వచ్చి తలుపు వేయాలి; క్షణాల్లో అది బుసబుస పొంగి ఘాటైన ఆవిరి గదంతా కమ్ముకొంటుంది. పొంగు లేకుండా చేయదలచినవారు వెయ్యి ఘనపుటడుగులకు అర లీటరు ఫార్మాలిన్‌ను లీటరు నీళ్లలో కలిపి కరెంటు పొయ్యి మీద మరిగించేవారు. రాత్రంతా మూసి ఉంచి, పొద్దున అమ్మోనియా పెట్టి ఆవిరిని విరిచిన తర్వాత కూడా లోపలికి అడుగుపెట్టిన ఆయాకు కళ్ల వెంట నీళ్లు కారేవి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి మందులు, అంతకు మించి, ప్రతి ఆపరేషన్‌కూ మధ్య బల్లను, దీపాన్ని, నేలను సబ్బునీళ్లతో కడిగి తుడిచే పద్ధతి మెల్లగా దాని స్థానంలోకి వచ్చాయి. మురికి పొర కింద దాగిన క్రిమిని ఆవిరి చేరలేదు. ముందు కడగాలి, ఆ తర్వాతే మందు. చేతిశ్రమను తక్కువగా చూసి మందును ఎక్కువగా నమ్మడం ఈ చరిత్రలో పదేపదే కనిపించే పొరపాటు.

ఎలుక కథ ఇంకా పొడవైనది. వరిచేలలో కలుగులు తవ్వే ఎలుకలు, ధాన్యపు కొట్లను, మురికికాలువలను ఆశ్రయించే పందికొక్కులు, ఇంటి చూరులో తిరిగే నల్ల ఎలుకలు, పెట్టెల్లో, బీరువాల్లో కాపురం ఉండే చిట్టెలుకలు వేర్వేరు జాతులు. వాటి దారులు, తిండి, జాగ్రత్త వేర్వేరు. కోతలు పూర్తయి మడి బోసిపోగానే పొలం ఎలుకలు గట్ల మీదికి, అక్కడి నుంచి కళ్లాలకు, ఇళ్లవైపు కదులుతాయి. కోతలు ముగిసిన వెంటనే మిల్లులకు ధాన్యపు లారీలు బారులు తీరే మిర్యాలగూడ వంటి ఊరిలో ఆ కదలికకు పట్టణం మధ్యలోనే విందు సిద్ధంగా ఉంటుంది. మిల్లువారు తమ నిల్వలను పాలిథీన్ గుడారం కప్పి, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి, వాటి నుంచి వెలువడే విషవాయువుతో పురుగును చంపుకోగలరు; ఆ బిళ్ల మనుషులు ఉండే కట్టడంలో ఎంతమాత్రం పనికిరాదు. కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల మాగాణుల్లో యానాదులు అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి రాజేసి, కలుగు నోటికి ఆనించి ఊది, పొగకు బయటపడ్డ ఎలుకలను పట్టే నేర్పు తరతరాలుగా చూపుతూ వచ్చారు. ఆ పొగకుండ కూడా పొలానికే గాని వార్డుకు తగదు.

నర్సింగ్ హోములకు మిగిలింది బోను, ఎలుకల మందు. ఎలుకల మందు అంటే ఎక్కువమందికి తెలిసినది జింక్ ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి; 96 పాళ్లు నూకలకు 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు కలపాలని వ్యవసాయ శాఖ రైతులకు చెబుతూ వచ్చింది. ఎలుక కొత్త తిండిని కొద్దిగా రుచి చూసి, ఒంట్లో తేడా తోస్తే మళ్లీ దాని జోలికి పోదు; అందువల్ల ముందు రెండు మూడు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేయాలి. ఆ ఓపిక లేని చోట ఒకటి రెండు ఎలుకలు చచ్చి మిగిలినవి తెలివిమీరాయి. చచ్చిన ఆ ఒకటీ రెండూ సీలింగు పలకల పైన, గోడ గూట్లో, జనరేటరు గది వెనక పడి కుళ్లి, వారం రోజులు వార్డును వాసనతో నింపేవి. బ్రోమాడయోలోన్ అనే మందు రక్తం గడ్డకట్టనివ్వకుండా చేసి కొన్ని రోజుల తర్వాత చంపుతుంది గనుక ఎలుకకు అనుమానం రాదు. అయితే దాని కళేబరమూ ఎక్కడ పడుతుందో చెప్పలేం. అందుకే రోగులుండే గదుల్లో జిగురు అట్టలు, బోనులు, ఆవరణ గోడ వెంట తాళం వేసిన మందు పెట్టెలు అనే విభజన తర్వాతి కాలంలో స్థిరపడింది.

ఎలుక సమస్య ఎంత తీవ్రమైనదో తెలుగువారికి రెండు దుర్ఘటనలు గుర్తుచేశాయి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎలుకలు కరిచిన పసికందు చనిపోయింది. 2022 మార్చి చివర వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో కదలలేని స్థితిలో ఉన్న రోగిని ఎలుకలు కొరికాయి. రెండూ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులే అయినా, ఆ వార్తలు చదివిన రోజున ప్రతి చిన్న ఊరి నర్సింగ్ హోములోనూ యజమానులు తమ సీలింగువైపు తలెత్తి చూసి ఉంటారు. పసిబిడ్డ, మత్తులో ఉన్నవాడు, పక్షవాతం వచ్చినవాడు ఎలుకను తోలలేరు, కేకవేయలేరు. తమను తాము కాపాడుకోలేని మనుషులను చేర్చుకొనే చోటే ఆసుపత్రి గనుక, ఇంట్లో క్షమించదగిన ఎలుక ఇక్కడ క్షమించరానిది.

చట్టం ఆలస్యంగా వచ్చింది. బొంబాయిలో 1949లోనే నర్సింగ్ హోముల నమోదు చట్టం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం 2002లో, దాని నిబంధనలు 2007లో వచ్చాయి. ఆ మధ్య అర్ధ శతాబ్దం ఈ మూడు ఊళ్ల ఆసుపత్రుల శుభ్రత యజమాని మనస్సాక్షి మీదే ఆధారపడింది. వ్యర్థాల విషయంలో కేంద్ర ప్రభుత్వం 1998 జూలైలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలను ప్రకటించింది. రక్తం అంటిన దూది, కోసి తీసిన కణజాలం, వాడిన సూదులు, సెలైన్ గొట్టాలు ఊరి చెత్తకుప్పలో కలవకూడదని, రంగురంగుల సంచుల్లో వేరుచేసి 48 గంటల్లోగా శుద్ధి కేంద్రానికి పంపాలని అవి నిర్దేశించాయి. ఆసుపత్రి వెనక గుంటలో మాయ పూడ్చడం, దాన్ని కుక్కలు తవ్వడం, ఆ కుప్ప మీది ఈగలు కిటికీలోంచి పుండు మీద వాలడం, పుండులో పురుగులు పడితే టర్పెంటైన్ పోసి ఏరడం అనే గొలుసుకట్టును తెంపిన నిబంధనలవి; పురుగుమందు డబ్బాలు వేటికీ సాధ్యం కాని పనిని ఒక పసుపుపచ్చ సంచి చేసింది.

ఆ కాలంలోనే సూర్యాపేట పురపాలక సంఘం దేశం దృష్టిని ఆకర్షించింది. కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో, 2003 నుంచి మొదలైన ప్రయత్నంలో, సుమారు లక్ష జనాభా ఉన్న ఆ ఊరి వీధుల్లోంచి చెత్తకుండీలను తొలగించి, ఇంటింటి నుంచీ తడిచెత్త, పొడిచెత్త వేరుగా సేకరించి, తడిదాన్ని వానపాముల ఎరువుగా మార్చి, పొడిదాన్ని అమ్మి ఆదాయం తెచ్చారు. చెత్త విషయంలో సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడిపిన అల్మిత్రా పటేల్ ఈ ప్రయోగాన్ని కుండీలు లేని పట్టణంగా వర్ణించి పలుచోట్ల ప్రచారం చేయగా, ఇతర ఊళ్ల అధికారులు చూసిపోవడానికి వచ్చారు. వీధి మలుపులో కుండీ లేకపోవడం అంటే పందికొక్కుకు, ఈగకు, వీధికుక్కకు అన్నసత్రం మూతపడటం. నర్సింగ్ హోముల శుభ్రతకు అది ఎంత తోడ్పడిందో ఎవరూ లెక్కకట్టకపోయినా, ఆసుపత్రి గోడకు ఆనుకొన్న కుప్ప తొలగడం కంటె పెద్ద పెస్ట్ కంట్రోల్ లేదు. 2011 దాకా గ్రామ పంచాయతీగానే ఉన్న కోదాడకు అటువంటి యంత్రాంగం అప్పట్లో అందుబాటులో లేదు.

ఈ మార్పులన్నింటి బరువూ మోసినవారు ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు. వారిలో అధికభాగం దళిత స్త్రీలు. రక్తం, మలమూత్రాలు, మాయ, చీము ఎత్తిపోసే పనికి ఆసుపత్రి జీతాల పట్టీలో అందరికంటె తక్కువ మొత్తం రాసి ఉంటుంది. సంచిలో దాగిన సూది గుచ్చుకొని కామెర్ల వ్యాధి సోకే ముప్పు డాక్టరు కంటె ఆమెకే ఎక్కువ. హెపటైటిస్ బి టీకా మాత్రం చాలాచోట్ల ఆమెకే చివర. రంగు సంచుల విధానం ఆచరణలో నిలబడిందంటే అందుకు కారణం గోడ మీద అంటించిన పటం కాదు, ఏ గొట్టం ఎర్ర సంచిలో, ఏ దూది పసుపు సంచిలో పడాలో కొత్తగా చేరిన నర్సుకు సైతం నేర్పిన ఆ చదువురాని స్త్రీల జ్ఞాపకశక్తి.

2006లో ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపిన చికున్‌గున్యా, ఆ తర్వాత ఏటా వస్తున్న డెంగీ దోమను గురించిన పాత లెక్కను తారుమారు చేశాయి. ఈడిస్ దోమ మురుగును కోరదు. కూలరులో, పూలకుండీ పళ్లెంలో, మేడ మీద మూత లేని నీళ్ల ట్యాంకులో, పారేసిన సెలైన్ సీసాలో నిలిచిన తేటనీరే దానికి చాలు, కుట్టేది పగటిపూట. డెంగీ రోగిని పగలు దోమతెర లేకుండా పడుకోబెట్టిన వార్డు ఆ జ్వరాన్ని పక్కమంచానికి పంచగలదు. చీమల విషయంలోనూ ఇటువంటి పాఠమే ఎదురయింది. ప్రపంచమంతటా ఆసుపత్రులను వేధించే రెండు మిల్లీమీటర్ల పసుపు గోధుమరంగు ఫారో చీమ గ్లూకోజు సీసా అంచుకు, పుండు కట్టుకు, ఉయ్యాలలోని బిడ్డ నోటి తడికి చేరుతుంది. దాని మీద మందు పిచికారీ చేస్తే గుంపు చావకుండా చీలి, రాణులు తలో దిక్కుకు పోయి నాలుగు కొత్త గూళ్లు పెడతాయి. మందు కలిపిన తీపి ఎరను అవి గూటికి మోసుకుపోయేలా చేయడమే దారి. బొద్దింకకు గోడ మూలల్లో చుక్కలుగా పెట్టే జెల్ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది.

2015లో కేంద్రం ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ప్రారంభించిన కాయకల్ప్ పథకపు తనిఖీ పట్టికలో మొట్టమొదటి అంశం పురుగులు, జంతువుల నివారణ కావడం ఈ అనుభవమంతటి ఫలితమే. ఆవరణలోకి పశువులు రాకుండా కంచె ఉందా, కిటికీలకు జాలీ ఉందా, మందు కొట్టిన తేదీల దస్త్రం ఉందా అని అది అడుగుతుంది. ప్రైవేటు నర్సింగ్ హోములకు అది వర్తించకపోయినా, ఆరోగ్యశ్రీ జాబితాలో చేరగోరినవి, నాణ్యతా గుర్తింపు పొందగోరినవి అటువంటి ప్రశ్నలకే జవాబు చెప్పవలసి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ ప్రాంతంలో కరోనా కేసులు పెరిగినప్పుడు వీధుల్లో హైపోక్లోరైట్ ద్రావణం పిచికారీ చేశారు. వీధుల్లో అటువంటి పిచికారీ వల్ల ప్రయోజనం లేదని ఆ మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఫినాయిల్ వాసనను నమ్మిన మనసే మరోసారి హైపో వాసనను నమ్మింది. ఆ నెలల్లో నర్సింగ్ హోములకు నిజంగా మిగిలిన లాభం వేరొకటి: ఓపీ గుమ్మం దగ్గర చేతులు కడుక్కొనే తొట్టి, రోగికి ఒక్క తోడు మాత్రమే అన్న నియమం, నేల తుడవడానికి మూడు బకెట్లు. మొదటి దానిలో సబ్బునీరు, రెండో దానిలో మంచినీరు, మూడో దానిలో మందునీరు, గదికో గుడ్డ.

ఇప్పుడు కొత్తగా కట్టే ఆసుపత్రుల్లో నహానీ ట్రాపులకు, అంటే స్నానాల గది నేలలో నీరు పోయే తూములకు, సన్నరంధ్రాల స్టీలు మూతలు బిగిస్తున్నారు. ఏసీ గొట్టం దూరిన కంతలను సిమెంటుతో, ఇనుప పీచుతో పూడుస్తున్నారు. ఎలుక పిల్లకు బొటనవేలంత, చిట్టెలుకకు పెన్సిలు దూరేంత సందు చాలు. పాత అద్దె ఇళ్లలో నడిచే నర్సింగ్ హోముల్లో ఆ సందు చాలావరకు తలుపు కిందే ఉంటుంది. యాసంగి కోతలు మొదలై మిల్లుల ముందు లారీలు ఆగే రోజుల్లో, వడ్రంగి వచ్చి వార్డు తలుపుల అడుగు అంచున నేలకు ఆనేటట్లు అల్యూమినియం పట్టీ కొడుతుంటాడు. పట్టీకి నేలకు నడుమ వేలిగోరు కూడా దూరకుండా ఉందో లేదో ఆయా వంగి చూసి చెబుతుంది.